పికప్పు కొనని వేసవి

లోర్నా కంగాస్ ఇరవై ఏడేళ్ళు బడి బస్సు నడిపింది. పొద్దున ముప్పై ఒక్క మైళ్ళు, మధ్యాహ్నం మళ్ళీ ముప్పై ఒక్క మైళ్ళు. అదే దారి, అవే మలుపులు, అవే ఇళ్ళ ముందు అవే పిల్లలు. కొన్నేళ్ళు పోయాక వాళ్ళ పిల్లలు. ఆవిడ రిటైరైన రోజున స్కూలు వాళ్ళు కేకు తెచ్చి, మీరు నడిపిన దూరానికి భూగోళాన్ని పన్నెండు సార్లు చుట్టి రావచ్చని చెప్పి చప్పట్లు కొట్టారు. లోర్నా నవ్వింది, కేకు తిన్నది, ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చింది. భూగోళాన్ని పన్నెండు సార్లు చుట్టిందట! మిచిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న మా జిల్లా దాటి ఆవిడ పోయింది వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని సార్లు.

అందుకే ఆవిడ కోరిక కూడా రోడ్డు గురించే. మధ్యాహ్నం మూడింటికి వెనక్కి తిరగక్కర్లేని రోడ్డు ఒకటి పట్టుకుని, పడమరగా పోయి పోయి, సముద్రం వచ్చిన చోట ఆగాలి. ఓరెగాన్ తీరంలో ఇసుక పక్కనే బండి వెనక కట్టుకుపోయే చక్రాల ఇల్లు, ట్రెయిలరు, నిలుపుకోనిస్తారని ఎవరో చెప్పారు. రెండు వేల మైళ్ళ పైచిలుకు దూరం. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆవిడ ఇంతవరకూ సముద్రం చూడలేదు.

భర్త ఆర్వి సరేనన్నాడు. ఆర్వి అంత తేలిగ్గా సరేననే మనిషి కాదు. జిల్లా రోడ్ల శాఖలో ముప్పై ఏళ్ళు మంచు తోసి ఉప్పు చల్లే బండి నడిపాడు. 1974 నుంచి తన బండిలో పోసిన ప్రతి గ్యాలన్ పెట్రోలూ, అది ఎన్ని మైళ్ళు లాగిందీ నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాడు. చెప్పుల జత కొనాలన్నా మూడు ఊళ్ళు తిరుగుతాడు. అలాంటి వాడు ఒక్క పూటలో సరేనని, ఒక రిటైరైన టీచరమ్మ దగ్గర పదమూడు అడుగుల చిన్న ట్రెయిలరు కొనుక్కొచ్చాడు. గుడ్డులా గుండ్రంగా ఉంటుంది. లోపల ఇద్దరికి మంచం, రెండు పొయ్యిలు, చేతులు కడుక్కోవడానికి చిన్న తొట్టి. లోర్నా దానికి పసుపు గళ్ళ కర్టెన్లు కుట్టింది.

ఇక మిగిలింది దాన్ని లాగే బండి. ఆర్వికి వెనక సామాను తొట్టి ఉన్న పాత పికప్పు ఒకటుంది. మా దగ్గర చలికాలమంతా రోడ్లమీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు బండ్ల అడుగు భాగాన్ని తినేస్తుంది. ఫిబ్రవరిలో మెకానిక్ దాని కిందకి దూరి ఫ్రేము మీద సుత్తితో ఒక్కటి వేస్తే సుత్తి లోపలికి దిగబడింది.

"దీనికి ట్రెయిలరు కట్టావనుకో ఆర్వీ," అన్నాడు మెకానిక్ బయటికి పాక్కుంటూ వచ్చి, "ట్రెయిలరు ఇక్కడే ఉంటుంది, బండి సగం ఇక్కడే ఉంటుంది, నువ్వూ స్టీరింగూ మాత్రం ఓరెగాన్ చేరతారు."

ముప్పై ఏళ్ళు ఊరంతా ఉప్పు చల్లినవాడి బండిని ఆ ఉప్పే తిన్నదని ఊళ్ళో వారం రోజులు నవ్వుకున్నారు. ఆర్వి కూడా నవ్వాడు. నవ్వి, కొత్త నోటుబుక్కు ఒకటి కొని మొదటి పేజీలో 'పికప్పు' అని రాశాడు.

మార్చిలో లోర్నా కడుపునొప్పికని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రెండు మూడు సార్లు తిప్పి, పెద్ద ఊరి ఆసుపత్రిలో ఫోటోలు తీయించి, చివరికి డాక్టరమ్మ ఆవిడని కూర్చోబెట్టి చెప్పింది. క్లోమంలో గడ్డ. అప్పటికే కాలేయానికి పాకింది. మందులు నొప్పికే గాని రోగానికి కాదు.

"ఎన్నాళ్ళు?" అంది లోర్నా.

"ఈ వేసవి మీదే అనుకోండి. మంచు పడే రోజుల గురించి మాత్రం నేను మాట ఇవ్వలేను."

"ప్రయాణం చెయ్యొచ్చా? దూరం."

"చెయ్యండి. కాకపోతే తొందరగా. జూన్‌లో వెళ్ళిపోండి. ఆగస్టు దాకా నానబెట్టకండి."

ఇంటికొచ్చేసరికి ఆర్వి బల్ల దగ్గర కూర్చుని పికప్పుల పుస్తకాలు తిరగేస్తున్నాడు.

"ఏమంది?"

"కడుపులో పుండంట. మాత్రలిచ్చింది."

"పర్లేదా?"

"పర్లేదు."

మా వాళ్ళ సంగతి తెలియని వాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. మాకు అన్నిటికీ 'పర్లేదు' అన్న ఒక్క మాటే. పెళ్ళి ఘనంగా జరిగినా పర్లేదు, కొట్టు తగలబడినా పర్లేదు. ఇక్కడ అవతలివాళ్ళు చెప్పేదాకా అడగరు, అడిగేదాకా చెప్పరు. అడగడం అంటే ఒకరి జేబులో చెయ్యి పెట్టడం కిందే లెక్క. నలభై నాలుగేళ్ళు కాపురం చేసినా అంతే.

లోర్నా చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆర్వి పక్క ఊరికి వెళ్ళినా రెండు స్పేరు టైర్లు వేసుకుపోతాడు. రోగిష్టి పెళ్ళాన్ని ఆసుపత్రి లేని ఎడారుల గుండా రెండు వేల మైళ్ళు తీసుకుపోతాడా? నిజం తెలిసిన క్షణం నుంచి గుమ్మం దాటనివ్వడు. దుప్పటి కప్పి కిటికీ పక్కన కూర్చోబెడతాడు. ఆవిడకి చావంటే భయం లేదని కాదు, ఉంది. కాని ఆ కిటికీ అంటే అంతకన్నా భయం. కనుక నోరు మూసుకుంది. క్లినిక్‌లో ఇచ్చిన కాగితాలన్నీ కుట్టుమిషను సొరుగులో దారపు రీళ్ళ కింద దాచింది. జూన్‌కి ఇంకా మూడు నెలలుంది కదా, పికప్పు కొనడానికి మూడు నెలలు చాలవా అనుకుంది.

ఏప్రిల్‌లో మంచు కరిగింది. ఆర్వి స్నానాలగదిలో బరువు చూసుకునే మిషను తీసుకెళ్ళి పెరట్లో పెట్టి, దానిమీద కర్రదిమ్మ నిలబెట్టి, దానిమీద ట్రెయిలరు మూతి ఆనించాడు. బండి మీద పడే బరువు అదేనట. నూట తొంభై పౌండ్లు. నోటుబుక్కులో రాసుకుని కిటికీలోంచి కేకేశాడు.

"లోర్నా, నీ బరువెంత?"

"పెళ్ళాం బరువు పెరట్లోంచి అరిచి అడిగే మొగుడివి నువ్వొక్కడివే!"

"తమాషాకి కాదు. ప్రతి బండి తలుపు లోపలా చీటీ అంటించి ఉంటుంది. మనుషులు, సామాను, ట్రెయిలరు మూతి, అన్నీ కలిపి ఇంతకు మించకూడదని. అందరూ ఎంత లాగుతుందనే చూస్తారు గాని ఎంత మోస్తుందో చూడరు. నిన్ను వదిలేసి లెక్క వేస్తే ఎలా?"

"నూట నలభై ఎనిమిది."

అది కిందటేడాది బరువు. ఆ పొద్దున మిషను నూట ముప్పై తొమ్మిది చూపించింది. ఆర్వి తల వంచి రాసుకున్నాడు. మిషను పెరట్లోకి పోయినందుకు లోర్నాకి ఒక రకంగా హాయిగానే అనిపించింది. దాని ముఖం చూడక్కర్లేదు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో ఆ వెతుకులాట ఆవిడకి సరదాగానే ఉండేది. వారానికి రెండు రోజులు పాత కారులో ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు. ఆర్వి ప్రతి బండి తలుపూ తీసి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, చీటీ చదివి, నోటుబుక్కు తీసేవాడు. పెద్ద బండ్లు కొండనైనా లాగుతాయి గాని పెట్రోలు తాగుతాయి. మరీ చిన్నవి మామూలుగా గ్యాలనుకి ముప్పై మైళ్ళిచ్చినా ట్రెయిలరు తగిలించగానే పదహారుకి పడిపోతాయి.

"బరువు కాదు లోర్నా, గాలి," అని చెప్పేవాడు ఎంతో గొప్ప రహస్యం చెప్తున్నట్టు. "ట్రెయిలరు ముఖానికి గాలి కొడుతుంది. గంటకి అరవై మైళ్ళు దాటకుండా పోతే ఆ పదహారు పందొమ్మిదవుతుంది."

"అరవైతో పోతే మనం ఓరెగాన్ చేరేసరికి సముద్రం ఎండిపోతుంది."

"బస్సు డ్రైవరువి, నువ్వా ఆ మాట అనేది?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. దారిలో ఆగి మాంసం, బంగాళదుంపలు కూరిన రొట్టె చెరి సగం తినేవాళ్ళు. మేలో చూసిన నాలుగు సిలిండర్ల పికప్పు ఆవిడకి తెగ నచ్చింది. ఆకుపచ్చది, మధ్యస్తంగా ఉంది, వెనక కొక్కెం కూడా బిగించే ఉంది. లెక్కలన్నీ సరిపోయాయి. ఆర్వి దాని చుట్టూ మూడు సార్లు తిరిగి, వెనక చూసుకునే అద్దాలు చిన్నవని వద్దన్నాడు.

"అద్దాలు మార్పించుకోవచ్చుగా?"

"మార్పించుకోవచ్చు. కాని అద్దాలే చిన్నవి పెట్టిన వాడు మిగతావి ఏం పెట్టాడో."

తర్వాత ఒకదానికి గేర్లు బాగాలేవు. ఒకదానికి ట్యాంకు చిన్నది. ఒకదాని మైలేజీ కంపెనీ చెప్పినంత ఉండదని ఎవడో అతనికి చెప్పాడు. ఒకటి డీజిలుది, పడమర ఎడారుల్లో ఆగిపోతే బాగుచేసే నాథుడు దొరకడట. జూన్ వచ్చింది, పోయింది. వంకలు పెట్టడానికి ఆ మనిషికి ఎక్కడెక్కడి వస్తువులూ దొరికేవి. లోర్నా లోపల లోపల ఉడికిపోయేది. గట్టిగా అనడానికి లేదు. ఎందుకంత తొందర అని అతను అడిగితే చెప్పడానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. ఉన్న జవాబు చెప్పడానికి లేదు.

"ఏదో ఒకటి కొనేద్దూ, ఆర్వీ. వేసవి అయిపోతోంది."

"రెండు వేల మైళ్ళు లోర్నా. తొందరపడి కొంటే దారిలో ఏడవాలి."

శనివారం శనివారం ఇద్దరూ పెరట్లో ఆవిరిగదికి వెళ్ళడం వాళ్ళ తాతల నాటి అలవాటు. కాలిన రాళ్ళమీద నీళ్ళు పోస్తే ఆవిరంతా పై మెట్టుకి ఎగదన్నుతుంది. ఎప్పుడూ పై మెట్టు లోర్నాదే, ఆర్వి కిందకి దిగిపోయినా ఆవిడ దిగేది కాదు. ఆ జూలైలో ఆవిడ కింది మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఆర్వి చూశాడు. రాళ్ళమీద పోసే నీళ్ళు తగ్గించాడు. ముసలాడైపోతున్నాడు, వేడికి ఆగలేకపోతున్నాడు కాబోలనుకుంది లోర్నా. ఆవిడ ఏప్రను తాళ్ళు అప్పటికి నడుము చుట్టూ రెండు సార్లు తిరుగుతున్నాయి. దాని గురించి అతను ఒక్క మాటా అడగలేదు. ఇక్కడే నాకు వాళ్ళిద్దరి మీదా ఒళ్ళు మండుతుంది. ఇద్దరూ మంచివాళ్ళే. ఇంత మంచితనం లేకుండా కాస్త నోరున్న మనుషులైతే ఎంత బాగుండేది!

ఆగస్టులో ఆవిడ పది రోజులు మంచం మీదే ఉంది. పుండు ముదిరిందని చెప్పింది. ఆర్వి బార్లీ జావ కాచిచ్చాడు, పక్కన కూర్చుని పికప్పుల సంగతులు చదివి వినిపించాడు. అవి వింటూ ఆవిడ లేచి కూర్చునేది. బలం పుంజుకునేది కూడా. అది ఎదురుచూపు బలమే. పదకొండో రోజున లేచి తిరిగింది.

సెప్టెంబరు ఆఖరి వారంలో, ఆర్వి చేపలకని వెళ్ళిన పూట, లోర్నా ఇక ఉండబట్టలేక కారు తీసుకుని బండ్లమ్మే డ్వెయిన్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళింది. డ్వెయిన్‌కి నలభై దాటాయి. చిన్నప్పుడు ఆవిడ బస్సులోనే బడికి వెళ్ళేవాడు. ఇప్పటికీ ఆవిడని చూస్తే నోట్లో చూయింగ్ గమ్ మింగేస్తాడు.

"రండి మిసెస్ కంగాస్, కూర్చోండి. కాఫీ తాగుతారా? చిక్కిపోయారు."

"పర్లేదు. డ్వెయిన్, నీతో ఒక మాట. ఆర్వికి ఈ వారంలో ఏదో ఒక పికప్పు అమ్మెయ్యి. ఏదైనా సరే. ఆయన ఎన్ని వంకలు పెట్టినా వినకు."

డ్వెయిన్ మెడ గోక్కున్నాడు. "నేనెవర్నీ బలవంతం చెయ్యలేనండీ. అది నాకు చేతకాదు. చేతనైతే ఈపాటికి ఈ షాపు నాదై ఉండేది."

"అల్లరి చేశావని రెండు వారాలు నిన్ను ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టాను, గుర్తుందా? ఇంకోసారి కూర్చోబెట్టగలను."

డ్వెయిన్ నవ్వాడు, వెంటనే నవ్వు ఆపేశాడు. "అది కాదండీ. అన్నీ కుదిరిన బండి జూలైలోనే దొరికింది కదా. మీకు చెప్పలేదా ఆయన?"

"ఏ బండి?"

"తెల్లది. పెద్ద అద్దాలు, పెద్ద ట్యాంకు, మైలేజీ ఆయన అడిగినంతా వచ్చింది. మా షాపు ట్రెయిలరు తగిలించి మరీ కొండ ఎక్కించి చూశాం. నోటుబుక్కులో అన్నింటికీ టిక్కులు పెట్టాడు. పెట్టి, బండిలో అలాగే చాలాసేపు కూర్చున్నాడు. దిగి, వచ్చే వసంతానికి చూద్దాం అన్నాడు. మొన్న కూడా వచ్చాడు, ఊరికే. కాఫీ తాగి వెళ్ళాడు. మీ ఇద్దరూ అనుకునే వాయిదా వేశారనుకున్నాను."

లోర్నా లేచి, కాఫీ బాగుందని చెప్పి కారెక్కింది. ఆవిడ కాఫీ తాగనేలేదు.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీసింది. నలభై నాలుగేళ్ళలో అతని నోటుబుక్కు ఆవిడ తెరవడం అదే మొదటిసారి. పేజీకొక బండి. ప్రతి పేజీ అడుగునా మోసే బరువు లెక్క. ట్రెయిలరు మూతి 190. ఆర్వి 182. సామాను 240. లోర్నా. ఏప్రిల్ పేజీల్లో లోర్నా ఎదురుగా 148 అని ఉంది. మే నెల మధ్య నుంచి ఆ అంకె మారింది. 136. జూన్‌లో 129. జూలైలో తెల్ల బండి పేజీ మీద 121. బండి ఎంత మోస్తుందో ఆ లెక్క తప్పకూడదు గదా, అందుకని రాసుకున్నాడు. ఆగస్టు పేజీ మీద బండి పేరు లేదు, 190 లేదు, 182 లేదు. లోర్నా 113 అని ఒక్కటే ఉంది.

ఆ అంకెలు ఆవిడకి తెలుసు. నెలనెలా క్లినిక్‌లో ఇచ్చే ప్రతి కాగితం నెత్తిన అవే ఉంటాయి. వాటి కింద రోగం పేరు ఉంటుంది.

ఆర్వి మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. చేపలు తొట్టిలో వేసి, చేతులు కడుక్కుని, కాఫీకి కూర్చున్నాడు. లోర్నా ఏలకుల రొట్టె కోసి పెట్టింది. నోటుబుక్కు బల్లమీద ఉంది. అతను దాన్ని చూశాడు, ఆవిడని చూశాడు, కప్పు కింద పెట్టాడు.

"ఎప్పుడు తెలిసింది?" అంది లోర్నా.

"మేలో. కొక్కెం ఎత్తు కొలుద్దామని టేపు కోసం నీ కుట్టుమిషను సొరుగు తీశాను."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదు."

"చెప్తే నువ్వు కదలవని చెప్పలేదు!"

"కదిలేవాణ్ణి కాదు, నిజమే." అతను రొట్టె ముక్కని విరుస్తూ కూర్చున్నాడు. తినలేదు. "నువ్వు ఆ సముద్రం కోసం బతికున్నావు లోర్నా. నాకు కనిపిస్తూనే ఉంది. నేను బండి సంగతి ఎత్తగానే నీ ముఖంలోకి రక్తం వచ్చేది. కొంటే వెళ్ళాలి. వెళ్తే చూసేస్తావు. చూసేశాక ఇంక దేనికోసం ఉంటావు? బండి కొననంత కాలం నువ్వు ఎదురుచూస్తావు, ఎదురుచూసినంత కాలం ఉంటావు అనుకున్నాను."

లోర్నాకి బడి బస్సులో చివరి సీటు దాకా వినబడే గొంతు ఒకటుంది. ఇంట్లో దాన్ని ఎన్నడూ తీయలేదు. ఆ రోజు తీసింది.

"ఉన్నాను! ఎదురుచూస్తూనే ఉన్నాను! నాకు మిగిలింది ఒక్క వేసవి, ఆర్వీ. ఆ వేసవంతా నువ్వు తలుపులు తీసి చీటీలు చదువుతుంటే పక్కన నిలబడి ఎదురుచూశాను. మేలో పరిగెత్తగలిగేదాన్ని. జూన్‌లో బండి నేనే నడపగలిగేదాన్ని. జూలైలో కనీసం ఇసుక మీద నడిచేదాన్ని. ఇప్పుడు మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటున్నాను. నన్ను ఉంచుకున్నానంటున్నావే, ఎక్కడ ఉంచుకున్నావు? కార్ల షాపుల ముందు!"

ఆవిడ అరిచి అరిచి అలిసిపోయి కుర్చీలో కూలబడింది. కోపం పోలేదు. ఆ కోపం అడుగున ఇంకొకటి కదిలింది, అది మరీ చేదుగా ఉంది. మార్చిలోనే తను ఒక్క మాట చెప్పి ఉంటే? ఒకవేళ అతను కదలనంటే అప్పుడే ఈ గొంతు తీసి అరిచి ఉంటే? ఏప్రిల్ అంతా, మే అంతా తను నటించింది. తను దాచుకున్నట్టే అతనూ దాచుకున్నాడు. తప్పంతా అతని నెత్తిన రుద్దడానికి ఆవిడకి మనసు రాలేదు, అతన్ని క్షమించడానికీ రాలేదు.

"రేపు కొంటాను," అన్నాడు ఆర్వి.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవకముందే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తెల్ల బండి ఎప్పుడో అమ్ముడుపోయింది. ట్రెయిలరు లాగడానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే మిగిలింది, ఎనిమిది సిలిండర్ల పెద్ద పికప్పు. ట్రెయిలరు తగిలిస్తే గ్యాలనుకి పదకొండు మైళ్ళు కూడా ఇవ్వదని డ్వెయిన్ భయం భయంగా చెప్పాడు. ఆర్వి తలుపు చీటీ కూడా చదవకుండా తాళాలు తీసుకున్నాడు.

డాక్టరమ్మ వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. నొప్పి మందు రెట్టింపు ఇచ్చింది. సర్దుకుని, మధ్యలో రెండు రోజులు లోర్నా లేవలేక ఆగిపోయి, చివరికి అక్టోబరు పన్నెండున బయలుదేరారు. పక్కింటివాళ్ళు గేటు దగ్గర చెయ్యి ఊపారు. ఎక్కడికని ఒక్కరూ అడగలేదు. లోర్నా తలగడ నడుముకి పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. జిల్లా సరిహద్దు దాటుతుంటే ఆర్వి వైపు చూసి నవ్వింది కూడా. అంత పెద్ద బండికి వెనక ట్రెయిలరు ఉన్న సంగతే తెలియనట్టుంది.

"అరవై దాటావు," అంది.

"దాటనీ."

ఆ సాయంత్రానికి మిన్నెసోటా రాష్ట్రంలోకి అడుగుపెట్టి, డులూత్ ఊరి బయట ఆగారు. ట్రెయిలర్లు నిలుపుకునే స్థలాలన్నీ మూసేశారు, నీళ్ళు కూడా కట్టేశారు. మా వైపు అక్టోబరులో అంతే. ఒక చర్చి వెనక ఖాళీ స్థలంలో ఉండనిచ్చారు. పసుపు గళ్ళ కర్టెన్లు దగ్గరికి లాగి, చిన్న పొయ్యి మీద సూపు వెచ్చబెట్టుకున్నారు. లోర్నా రెండు చెంచాలు తాగింది. ఇద్దరూ ఇరుకు మంచం మీద చేతులు పట్టుకుని పడుకున్నారు.

తెల్లారేసరికి ఆవిడ లేవలేకపోయింది. తాగిన నీళ్ళు కూడా కక్కేసింది. కళ్ళు పచ్చబడ్డాయి. ఆర్వి పటం విప్పి, ఈ రోజు నార్త్ డకోటా మొదట్లోకి చేరితే చాలు, రేపు ఇంకొంచెం, అంటూ వేలితో గీత గీస్తున్నాడు. లోర్నా అతని వేలు పట్టుకుని ఆపింది.

"చాలు, ఆర్వీ."

ఆర్వి ఆమెని దుప్పటితో సహా ఎత్తి పికప్పులో కూర్చోబెట్టాడు. అంత తేలిక మనిషిని ఎత్తడానికి అతనికి ఊపిరాడలేదు. ఇంటి దారి కుడివైపు. అతను ఎడమవైపు తిప్పి, ఊరి మధ్యగా కిందకి దిగి, నీటి ఒడ్డున రాళ్ళ దగ్గర బండి ఆపాడు. గాలి గట్టిగా ఉంది. మనిషెత్తు అలలు లేచి రాళ్ళమీద విరుగుతున్నాయి. కనుచూపు మేర నీళ్ళే, అవతల ఏమీ లేదు. అతను ఆమె వైపు అద్దం దించాడు.

"అవతలి ఒడ్డు కనబడుతోందా? లేదు. అలలు చూడు. పక్షులు కూడా అవేగా. సముద్రం కూడా ఇంతే ఉంటుంది లోర్నా. ఇంతేగా?"

పిల్లవాడు గీసిన బొమ్మ చూపించి అడిగినట్టు అడిగాడు. ఏం చెప్పాలో లోర్నాకి తెలుసు. జన్మంతా అలాంటి మాటలే చెప్పింది. ఎవరి మనసూ నొప్పించకుండా, ఎవరికీ ఏమీ తెలియనివ్వకుండా. ఆ మాట నోటిదాకా వచ్చింది. కాని ఇంక చాలా కొద్ది రోజులే ఉన్నాయి. వాటిల్లో కూడా అబద్ధం చెప్పుకుంటూ పోవడం ఆవిడ వల్ల కాలేదు.

"కాదు, ఆర్వీ," అంది మెల్లగా. "ఇది సుపీరియర్ సరస్సు. మన ఇంటి దగ్గరున్నదే."

ఆర్వి స్టీరింగు మీద తల ఆనించాడు. అతను ఏడవడం లోర్నా ఎన్నడూ చూడలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. ఆవిడ దుప్పట్లోంచి చెయ్యి తీసి అతని వీపు మీద వేసింది. అతను ఏడుస్తున్నంతసేపూ ఆ చెయ్యి అక్కడే ఉంచి నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత అతను అద్దం పైకెత్తి, బండి తూర్పుకి తిప్పాడు.